లారీ ఆఫీసు పని ఇంటి నుంచి చేస్తే గిట్టుబాటవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ చదివి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మూడేళ్లుగా పనిచేస్తోంది. జీతం 14,000. ఇప్పుడు అది మానేసి, కొంతమంది లారీ ఓనర్ల ఆఫీసు పనులు ఇంటి నుంచే చేసిపెడతానంటోంది. సంబంధాలు చూస్తున్నాం. ఇది నిలబడే పనేనా అని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, తెనాలి

జవాబు: నిలబడుతుందమ్మా. కానీ ‘టైపింగ్, డేటా ఎంట్రీ చేస్తాను’ అని మొదలుపెడితే మాత్రం నిలబడదు. ఆ పని ఎవరైనా చేస్తారు, ఇంకా తక్కువకు చేస్తామనే వాళ్లు రోజూ వస్తుంటారు. మీ అమ్మాయి ఆ మూడేళ్లలో నేర్చుకున్నది అంతకంటే చాలా విలువైనది. దాన్నే అమ్మాలి.

ఐదారు లారీలున్న ఓనర్ సంగతి చూడండి. జీతం ఇచ్చి గుమస్తాను పెట్టుకునేంత పని ఉండదు, తనే చూసుకునేంత తీరిక ఉండదు. సరుకు దించాక అవతలివాళ్లు సంతకం, స్టాంపు వేసిన రసీదు, అదే పీఓడీ, కంపెనీకి చేరితేనే మిగతా కిరాయి వస్తుంది. ఆ కాగితం డ్రైవర్ క్యాబిన్‌లోనే వారాల తరబడి ఉండిపోతుంది. దించిన రోజే వాట్సాప్‌లో దాని ఫొటో తెప్పించుకుని, అసలు కాగితం చేరేదాకా వెంటపడి, బిల్లు పంపి, డబ్బు పడిందా లేదా చూసే మనిషి ఉంటే ఆ ఓనర్‌కు కిరాయి ముందే చేతికొస్తుంది. ఇన్సూరెన్స్, పర్మిట్, పొల్యూషన్, మూడు నెలలకోసారి కట్టే ట్యాక్సు, ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా చేయించాల్సిన ఫిట్‌నెస్... వీటిలో ఒక్క తేదీ మరిచిపోయినా బండి రోడ్డు మీద ఆగుతుంది. ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం, దాని గడువు పొడిగించాలంటే అది ముగియడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, ముగిశాక ఎనిమిది గంటల లోపే కుదురుతుంది. దారిలో బండి చెడిపోయినప్పుడు ఇది తెలిసిన మనిషి విలువ ఏమిటో ఓనర్లను అడగండి, వాళ్లే చెబుతారు. కాబట్టి మీ అమ్మాయి ‘మీ కిరాయి ఆలస్యం కాకుండా, బండి కాగితాల తేదీలు దాటకుండా నేను చూస్తాను’ అని చెప్పాలి.

ఇక రేటు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, అందుకే లెక్క వేసి చూపిస్తాను. నెలకు 20,000 చేతిలో మిగలాలి అనుకుందాం. ఫోను, ఇంటర్నెట్ 1,200. 45,000 పెట్టి కొన్న కంప్యూటర్ మూడేళ్లు వస్తుందనుకుంటే నెలకు 1,250. ఆటోనగర్‌కు రాకపోకలు 2,000, ప్రింట్లు, కొరియర్ మరో 550. మొత్తం 5,000. అంటే 25,000 రావాలి. నెలకు 25 రోజులు, రోజుకు ఆరు గంటల చొప్పున 150 గంటలు. అందులో మూడోవంతు కొత్తవాళ్లను కలవడానికి, తన బాకీలు వసూలు చేసుకోవడానికి, తన లెక్కలు రాసుకోవడానికి పోతుంది. డబ్బు వచ్చే గంటలు 100. గంటకు 250 పడాలి. ఒక ఓనర్ పని నెలకు 12 గంటలు పడితే 3,000 అడగాలి. ఎనిమిది తొమ్మిది మంది ఉంటే లెక్క సరిపోతుంది.

ఓనర్‌కు గంటల లెక్క చెప్పొద్దు. నెలకు ఇంత అనే చెప్పాలి, దానికి ఏమేం చేస్తుందో కాగితం మీద రాయాలి. తన నోట్‌బుక్‌లో మాత్రం ఎవరి పనికి ఎన్ని గంటలు పట్టాయో రోజూ రాసుకోవాలి. 12 గంటల పని 20 గంటలు తింటుంటే అక్కడ తనకు గంటకు పడేది 150 మాత్రమే. రేటు పెంచాలి, లేదా మర్యాదగా వదిలేయాలి. మంచివాళ్లు కదా అని మొహమాటపడితే మిగిలేది ఏమీ ఉండదు. లారీలు రాత్రిపూట నడుస్తాయి కాబట్టి ఎన్ని గంటల వరకు ఫోను ఎత్తుతుందో కూడా మొదటి రోజే చెప్పేయాలి.

డబ్బు నెల మొదట్లోనే తీసుకోవడం మేలు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించండి. ప్రభుత్వ సైట్‌లో ఉచితం, ఎవరైనా ఫీజు అడిగితే అది అసలు సైట్ కాదు. అది ఉంటే, రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు చెల్లించాలని చట్టం తన పక్షాన ఉంటుంది. ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కాబట్టి ఇప్పుడు దాని గురించి ఆలోచించకండి. ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ మాత్రం మొదటి ఏడాది నుంచే వేయించండి.

ఒక్క విషయంలో గట్టిగా ఉండమని చెప్పండి. ఓనర్ల ఓటీపీలు, బ్యాంకు పాస్‌వర్డ్‌లు తన దగ్గర పెట్టుకోకూడదు. ఈ-వే బిల్లు పోర్టల్‌లో సబ్-యూజర్‌ను, అంటే ఓనర్ ఖాతా కింద వేరే లాగిన్ ఉన్న మనిషిని, పెట్టుకునే వీలుంది. తన పేరుతో అలా లాగిన్ ఇమ్మని అడగాలి. రేపు ఏదైనా తేడా వస్తే ఎవరు చేశారో తెలుస్తుంది, తన మీద నింద పడదు. అలాగే పాత ఆఫీసు కస్టమర్ల జాబితా తెచ్చుకోవద్దు. ఆటోనగర్ చిన్న ప్రపంచం, మాట పోతే తిరిగి రాదు. ‘ఇంట్లోనే డేటా ఎంట్రీ, ముందు డిపాజిట్ కట్టండి’ అనే ప్రకటనల జోలికీ పోవద్దు. ఎవరైనా మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

సంబంధాల వాళ్లకు ఏం చెప్పాలని మీ బెంగ, అది నాకు అర్థమవుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ‘మా అమ్మాయి లారీ ఓనర్లకు ఆఫీసు పని చూస్తుంది, నెలకు ఇంత వస్తుంది’ అని. పెళ్లయ్యాక విశాఖ వెళ్లినా హైదరాబాద్ వెళ్లినా ఈ పనిలో చాలా భాగం తనతోనే వెళ్తుంది. కాగితాలు తెచ్చిపెట్టడానికి ఆటోనగర్‌లో ఒక మనిషిని చూసుకుంటే చాలు. దాన్ని ఆపేయమనే ఇంటికి ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం మీ అమ్మాయి మాట విని తేల్చండి.

ఉద్యోగం రేపే మానిపించకండి. ముందు ఇద్దరు ఓనర్లను ఒప్పించి, వాళ్ల మొదటి నెల డబ్బు చేతిలో పడ్డాక రాజీనామా ఇవ్వమనండి. ఆరు నెలలు గడిచేసరికి కనీసం ఐదుగురు ఉండాలి. లేకపోతే మళ్లీ ఉద్యోగం చూసుకుని, ఉన్న ఇద్దరు ముగ్గురి పని సాయంత్రాలు చేసుకోవచ్చు.