వేకువన కూసే పుంజు, ఇంట్లో ఎవరికీ పట్టని నిద్ర

ప్రశ్న: మాది భీమవరం. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. అమెరికా వేళలు కాబట్టి పడుకునేసరికి రాత్రి మూడు దాటుతుంది. సంక్రాంతి వెళ్లాక ఎక్కడి నుంచో ఓ పుంజు మా పెరట్లో చేరింది. నాలుగు కాకముందే జామచెట్టెక్కి కూత మొదలుపెడుతుంది. అత్తయ్య రోజూ దానికి వడ్లు వేస్తారు. 'అమ్మవారికి మొక్కిన కోడేమో, తరిమితే మంచిది కాదు' అంటారు. మావారు ఏమీ మాట్లాడరు. మరిది దాన్ని పందేలకు తయారు చేస్తానంటున్నాడు. మొన్న మా నాలుగేళ్ల పాప మీదికి ఎగిరి చెయ్యి గీరేసింది. పక్కింటాయన మందు పెట్టి చంపేస్తానంటున్నాడు. నిద్ర లేక పాప మీద కూడా అరుస్తున్నాను. ఏం చేయను?

జవాబు: ముందు పాప సంగతి చూడండి. గాయాన్ని సబ్బు నీళ్లతో కడిగి, లోతుగా ఉంటే డాక్టరుకు చూపించండి. కుక్క కరిచినప్పుడు ఉండే రేబిస్ భయం కోడితో ఉండదు కానీ, టీటీ అవసరమేమో అడగండి. పుంజు ఎగిరితే కాళ్ల ముళ్లు చిన్నపిల్లల మొహం దాకా వస్తాయి. అందుకే అది పోయేదాకా పాపను ఒంటరిగా పెరట్లోకి పంపకండి. పరిగెడితే అది ఇంకా వెంటపడుతుంది. దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి రావాలని పాపకు నేర్పండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది పుంజు కాదు, 'మావారు ఏమీ మాట్లాడరు' అన్న మాట. మీరు పగలంతా ఇంట్లోనే కనిపిస్తారు కాబట్టి మీది నైట్ డ్యూటీ అని ఎవరికీ తోచడం లేదు. రాత్రంతా ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన నర్సు పడుకుంటే ఇంట్లోవాళ్లు టీవీ సౌండు తగ్గిస్తారు. మీ నిద్రకూ అంత విలువ ఉండాలి. ఆ మాట మీరు నోరు తెరిచి చెప్పారా? పుంజు మీద విసుక్కోవడం వేరు, 'నాకు ఉదయం పది దాకా నిద్ర కావాలి, అప్పటిదాకా పాప బాధ్యత మీది' అని ఆయనతో అనడం వేరు. వారాంతంలో, ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు అడగండి. కోపంగా అడగక్కర్లేదు, కానీ గంటలు లెక్క చెప్పి అడగండి. పుంజు రేపే వెళ్లిపోయినా, ఈ ఏర్పాటు లేకపోతే ఇంకో చప్పుడు మిమ్మల్ని లేపుతుంది.

గంప కింద కప్పి గోనె వేస్తే కూత ఆగుతుందని ఎవరైనా చెబుతారు. పూర్తిగా ఆగదు. వెలుతురు మారకుండా ఉంచినా పుంజులు వేకువ వేళకి కూస్తూనే ఉన్నాయని జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు 2013లో చూపించారు. దాని ఒంట్లోనే గడియారం ఉంది. కాబట్టి ఆ పుంజు మీ ఇంటి నుంచి వెళ్లాల్సిందే.

ఎక్కడికి అనేది అత్తయ్యగారితో కలిసి తేల్చండి. ఆవిడ భయాన్ని మూఢనమ్మకం అని కొట్టేయకండి. జాతరకని పుంజును మొక్కి వదిలే ఇళ్లు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. 'మొక్కు కోడే అయితే అమ్మవారి దగ్గరకే చేరుద్దాం అత్తయ్యా, గుడిలో మీరే అడగండి' అని ఆవిడకే పని అప్పగించండి. మీరు పంపేస్తే ఆవిడకు అది అపచారం, తానే అప్పగిస్తే మొక్కు తీరినట్టు. రోజూ చేత్తో వడ్లు వేసిన మనిషి కదా, ఆవిడకు మాట దక్కాలి.

మొక్కు కోడి కాకపోతే యజమాని కోసం వాకబు చేయండి. పండగ తర్వాత తప్పిపోయిన పుంజు అంటే పందెం కోడి కావచ్చు. పందెం కోళ్లను ఈకల రంగును బట్టి రకాలుగా పిలుస్తారు. అది డేగా, కాకా, నెమలా అన్నది పెంచేవాళ్లు చూడగానే చెప్పేస్తారు. వీధిలో, పాలబ్బాయితో, కోళ్లు పెంచేవాళ్లతో రంగు మాత్రం చెప్పండి. కాలికి దారం, తెగిన ముల్లు లాంటి గుర్తులు మీ దగ్గరే ఉంచుకోండి. అవి సరిగ్గా చెప్పినవాళ్లకే ఇవ్వండి. ఎవరూ రాకపోతే పల్లెలో పెట్టలు పెంచుకునే ఎవరికైనా, పందేలకు పంపరన్న నమ్మకం ఉంటేనే ఇవ్వండి.

మరిదికి మాత్రం 'వద్దు' అని మీవారే చెప్పాలి. వదిన చెబితే అది గొడవవుతుంది, అన్న చెబితే మాట. కోళ్లను పోరుకు ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. సంక్రాంతికి ఊరంతా ఆడినా అది నేరమే. పైగా మీ పెరట్లో చేరిన ప్రాణిని తీసుకెళ్లి కత్తి కట్టడానికి మనసెలా ఒప్పుతుంది?

పక్కింటాయన దగ్గరకు మీవారూ మీరూ కలిసి వెళ్లండి. ఆయన నిద్ర కూడా పోతోంది కాబట్టి ముందు క్షమించమని అడగండి, పది రోజుల గడువు కోరండి. మందు పెట్టే మాట మీద మాత్రం మెత్తబడకండి. జంతువుకు విషం పెడితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. పెరట్లో పాప కూడా తిరుగుతుందని ఆయనకు గుర్తుచేయండి.

పట్టుకోవడం రాత్రి పూట తేలిక. చీకట్లో కోడికి చూపు ఆనదు, కొమ్మ మీద కదలకుండా కూర్చుంటుంది. పొడుగు చేతుల చొక్కా వేసుకుని, వెనక నుంచి తువ్వాలు కప్పి, రెండు రెక్కలూ కలిపి పట్టుకుని గంపలో పెట్టమని మీవారికి చెప్పండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పుంజు మందకొడిగా, మొహం వాచినట్టు ఉంటే ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనే బర్డ్ ఫ్లూ వచ్చింది.

పుంజు వెళ్లేదాకా పాప గది వీధి వైపు ఉంటే మీ మంచం అక్కడికి మార్చుకోండి. పాప మీద అరిచిన రోజు, తర్వాత దగ్గరకు తీసుకుని 'అమ్మకు నిద్ర చాలలేదు, నీ తప్పు కాదు' అని చెప్పండి. నాలుగేళ్ల పిల్లకు ఆ మాట బాగానే అర్థమవుతుంది.