జ్వరం వచ్చి ఎన్నో రోజు?

ఎబోలా, డెంగీ, ఎల్లో ఫీవర్ లాంటి రక్తస్రావ జ్వరాలపై ఈ నెల విశాఖ పాఠకులు పంపిన ప్రశ్నలకు మైక్రోబయాలజీ, జనరల్ మెడిసిన్ వైద్యుల జవాబులివి.

ప్రశ్న: మా అబ్బాయి మర్చంట్ నేవీలో చేస్తున్నాడు. ఆఫ్రికా రేవుల్లో పనిచేసి, విమానంలో ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. ఒంట్లో బాగానే ఉంది. ఎబోలా భయంతో పక్కింటివాళ్లు మా గుమ్మం తొక్కడం లేదు. వాడిని వేరే గదిలో పెట్టాలా? (ఒక తల్లి, మల్కాపురం)

జవాబు: అక్కర్లేదమ్మా. ఎబోలా సోకినవాళ్లు కూడా జ్వరమో మరో లక్షణమో మొదలయ్యేదాకా ఇతరులకు అంటించరు. జలుబులా గాలిలో తేలివచ్చే జబ్బు కాదిది. రోగి రక్తం, వాంతి, విరేచనం లాంటివి మన కంట్లోనో నోట్లోనో పగిలిన చర్మం మీదో పడితే అంటుకుంటుంది. మృతదేహాన్ని కడిగినా, ముట్టుకున్నా అంతే. మీ అబ్బాయిని రెండు మాటలు అడగండి. ఆ రేవు ఉన్న దేశంలో అప్పుడు ఎబోలా ఉందా? ఉంటే ఓడ దిగి ఆస్పత్రికో, అంత్యక్రియలకో వెళ్లాడా? మొదటిదానికే 'లేదు' అని జవాబొస్తే ఇక ఏ లెక్కలూ వద్దు.

ఉందంటే మాత్రం ఆ దేశం వదిలిన రోజు నుంచి 21 రోజులు లెక్కపెట్టండి. ఇంటికొచ్చిన రోజు నుంచి కాదు. వైరస్ ఒంట్లో పడ్డాక లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 21 రోజులు పడుతుంది. ఆ గడువు తీరేదాకా ఉదయం, సాయంత్రం థర్మామీటర్ పెట్టి అంకె కాగితం మీద రాయండి. 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) దాటితే ఆటో ఎక్కించి ఓపీకి తీసుకెళ్లొద్దు. 108కి ఫోన్ చేసి, ఏ దేశం నుంచి ఏ తేదీన వచ్చాడో ముందు ఆ మాట చెప్పండి.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లకు జ్వరం వస్తే అది ఫాల్సిపారం (ప్రాణం తీసే రకం) మలేరియా అయ్యే అవకాశమే ఎక్కువ. ఎబోలా పేరు చెప్పి మలేరియా పరీక్ష ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది. తగిన జాగ్రత్తలతో ఆ పరీక్ష అదే రోజు జరగాలి.

ప్రశ్న: చిగుళ్ల నుంచి రక్తం వస్తే ఎబోలా అనుకోవాలా? మా చెల్లికి డెంగీలోనూ అలాగే వచ్చింది. (డిగ్రీ విద్యార్థి, మధురవాడ)

జవాబు: 'రక్తస్రావ జ్వరం' అన్న పేరే తప్పుదోవ పట్టిస్తోంది. 2014-16లో పశ్చిమ ఆఫ్రికాలో 28,600 మందికి పైగా ఎబోలా సోకి 11,300 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామందికి పైకి రక్తం కనిపించనే లేదు. వాంతులు, విరేచనాలతో రోజుకు లీటర్ల కొద్దీ నీరు పోయి, రక్తపోటు పడిపోయి చనిపోయినవాళ్లే ఎక్కువ. ఈ వైరస్ మొదట రోగనిరోధక కణాల్లోకి దూరుతుంది, అక్కడి నుంచి కాలేయానికి చేరుతుంది. రక్తం గడ్డకట్టించే పదార్థాలు తయారయ్యేది కాలేయంలోనే. ఒకపక్క వాటి తయారీ తగ్గుతుంది, మరోపక్క రక్తనాళాల గోడల గుండా రక్తంలోని నీరు బయటికి కారిపోతుంది. రక్తస్రావం కనిపిస్తే అది చివరి దశలోనే.

డెంగీలో కూడా ప్రమాదం నీరు కారడంలోనే ఉంది. అదీ జ్వరం తగ్గే సమయంలో, 3 నుంచి 7వ రోజు మధ్య. 'జ్వరం తగ్గింది కదా' అని ఇంటికి తీసుకెళ్లే రోజే అసలు కనిపెట్టాల్సిన రోజు. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, మత్తు, ఆరు గంటలైనా మూత్రం రాకపోవడం... ఇవేవి కనిపించినా మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సిందే. ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూస్తూ కూర్చోవద్దు. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) 20 శాతం పెరిగిందంటే ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవం, బయటికి పోతోందని అర్థం. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ముట్టొద్దు.

పాడేరు, అరకు వైపు వెళ్లొచ్చిన మనిషికి జ్వరం వస్తే మలేరియాతో పాటు స్క్రబ్ టైఫస్ (పొదల్లోని చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) కూడా చూడాలి. చంకల్లో, గజ్జల్లో, నడుం పట్టీ కింద సిగరెట్‌తో కాల్చినట్టు గుండ్రని నల్లమచ్చ ఉందేమో బట్టలు తీసి వెతకాలి. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు. అది దొరికితే వైద్యులు వెంటనే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు, రిపోర్టు కోసం ఆగరు.

ప్రశ్న: మాది చిన్న ల్యాబ్. ఎబోలా అనుమానిత రోగి రక్తం మా చేతికొస్తే ఏం చేయాలి? ఒలికితే బ్లీచింగ్ ఎంత కలపాలి? (ల్యాబ్ టెక్నీషియన్, గాజువాక)

జవాబు: ట్యూబ్ మూత తీయొద్దు, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టొద్దు. తిరిగే యంత్రంలో ట్యూబ్ పగిలితే కంటికి కనిపించని తుంపర గది నిండా లేస్తుంది. ట్యూబ్‌ను నిలువుగా, కారని డబ్బాలో, 2-8 డిగ్రీల మధ్య ఉంచి జిల్లా వైద్య ఆరోగ్యాధికారి (డీఎంహెచ్‌ఓ) కార్యాలయానికి ఫోన్ చేయండి. నిర్ధారణకు వెళ్లే రక్తం 4 మిల్లీలీటర్లు, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉన్న ప్లాస్టిక్ ట్యూబ్‌లో తీస్తారు. గాజుది వద్దు, పగులుతుంది. ఒకదానిలో ఒకటిగా మూడు పొరల ప్యాకింగ్ చేసి, మొదటి రెండు పొరల మధ్య మొత్తం ద్రవాన్ని పీల్చుకునేంత దూది పెట్టి పంపుతారు. అత్యున్నత స్థాయి భద్రత ఉన్న బీఎస్‌ఎల్-4 ల్యాబ్ పుణెలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీలో ఉంది.

రిపోర్టు చదవడంలోనూ పొరపాటు జరుగుతుంది. లక్షణాలు మొదలైన తొలి మూడు రోజుల్లో రక్తంలో వైరస్ తక్కువగా ఉండి ఆర్టీపీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే పరీక్ష) నెగెటివ్ రావచ్చు. లక్షణాలు మొదలై 72 గంటలు దాటాక మళ్లీ తీసిన రక్తం కూడా నెగెటివ్ అయితేనే రోగిని ఐసోలేషన్ నుంచి వదలాలి. అందుకే శాంపిల్ కాగితం మీద రక్తం తీసిన తేదీ ఒక్కటే చాలదు, జ్వరం మొదలైన తేదీ కూడా రాయండి.

ఇక బ్లీచింగ్ లెక్క. ఒలికిన రక్తానికి 0.5 శాతం క్లోరిన్ కావాలి. 5 శాతం హైపోక్లోరైట్ ఉంటే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు పోయండి. 35 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరుకు సుమారు 14 గ్రాములు, 30 శాతం ఉన్నదైతే 17 గ్రాములు. మన సముద్రపు తేమకు మూత తెరిచిన సంచి త్వరగా సత్తువ కోల్పోతుంది. ముద్దకట్టి, వాసన తగ్గిన పౌడర్‌ను నమ్మొద్దు. ద్రావణం రోజూ కొత్తగా కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి.

ముందు రక్తం మీద గుడ్డ కప్పి, ద్రావణాన్ని అంచుల నుంచి మధ్యకు నెమ్మదిగా పోసి 15 నిమిషాలు ఆగండి. గుడ్డ తీసేశాక మళ్లీ ఓసారి తుడవాలి, ఎందుకంటే రక్తంలోని ప్రొటీన్ మొదటిసారి పోసిన క్లోరిన్‌ను తినేస్తుంది. స్ప్రే చేయొద్దు, తుంపర లేస్తుంది. బాత్రూం యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది.

గ్లోవ్స్ తీసేటప్పుడు అంటుకునే ప్రమాదం ఎక్కువ. కుడి చేత్తో ఎడమ గ్లోవ్‌ను మణికట్టు దగ్గర బయటి వైపు చిటికెతో పట్టి, లోపలిది బయటికి వచ్చేలా వొలవండి. దాన్ని కుడి గుప్పిట్లోనే ఉంచుకోండి. ఇప్పుడు ఎడమ చేతి వేలిని కుడి గ్లోవ్ లోపలికి, చర్మానికి ఆనించి దూర్చి, మొదటిదాన్ని మూటగట్టినట్టు వొలవండి. టప్పున లాగితే తుంపర మొహం మీదికి చిందుతుంది. ఈలోపు జేబులో ఫోన్ మోగినా తీయొద్దు, చేతులు కడుక్కున్నాకే.

ప్రశ్న: మా వీధి చివర చింతచెట్టు నిండా గబ్బిలాలే. కొట్టించేయమంటారా? (గృహిణి, సింహాచలం)

జవాబు: వద్దు. చెట్టు కొడితే అవి ఇళ్ల మధ్యకు చెదిరిపోతాయి. ఎబోలా తరగతికే చెందిన మార్‌బర్గ్ వైరస్ ఆఫ్రికా గుహల్లోని ఈజిప్టు పండ్ల గబ్బిలాల్లో ఉంటుంది. మన పెద్ద గబ్బిలాలతో జాగ్రత్త పడాల్సింది నిపా వైరస్ గురించి, 2018లో కోజికోడ్‌లో చూశాం కదా. కొరికిన పండు తినొద్దు, కల్లు కుండ మూతికి గుడ్డ కట్టించండి.

ప్రశ్న: వచ్చే వారం లాగోస్ (నైజీరియా) వెళ్లే ఓడ ఎక్కాలి. ఎల్లో ఫీవర్ టీకా వెళ్లే ముందు రోజు వేయించుకుంటే సరిపోతుందా? (డెక్ క్యాడెట్, ఎన్‌ఏడీ)

జవాబు: సరిపోదు. టీకా వేసిన 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. ఎల్లో ఫీవరూ రక్తస్రావ జ్వరమే. మన డెంగీ దోమే దాన్నీ మోయగలదు, అందుకే సర్టిఫికెట్ లేకుండా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల నుంచి తిరిగొస్తే ఇక్కడ ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. టీకా విశాఖ పోర్టు ఆరోగ్య సంస్థలో వేస్తారు. ఒక్కో సీసాలో చాలా డోసులుంటాయి, కలిపాక కొద్ది గంటల్లోనే వాడేయాలి. కాబట్టి ఏ రోజు వేస్తారో ముందే కనుక్కుని పాస్‌పోర్టు తీసుకెళ్లండి. గుడ్డు తింటే తీవ్ర అలర్జీ వచ్చేవాళ్లు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్లు ఆ మాట సూది వేయకముందే చెప్పాలి. మీ తేదీ దగ్గరపడింది కాబట్టి ఈ రోజే ఏజెంట్‌కు ఫోన్ చేసి ప్రయాణం వెనక్కి జరపగలరేమో అడగండి.