కోయసాన్ కొండ మీద ఎక్కడ దిగాలి

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నవంబర్ మొదట్లో మీ అమ్మనీ నాన్ననీ తీసుకుని ఒసాకా వస్తున్నావంటే ఎంత సంతోషంగా ఉందో! కోయసాన్ మాత్రం పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేద్దామని రాశావు చూడు, ఆ ఒక్కటీ మార్చుకో అమ్మలూ. నంబా స్టేషన్‌లో రైలెక్కి, గోకురాకుబషిలో దిగి, అక్కడ కేబుల్ కారు ఎక్కి, మళ్లీ బస్సు పట్టుకుని కొండ మీదకి చేరేసరికి సగం పూట అయిపోతుంది. తిరుగు ప్రయాణం టెన్షన్‌తో ఏదీ నిలబడి చూడలేరు. పైగా తెల్లవారుజాము పూజ చూడాలంటే రాత్రి అక్కడ ఉండాల్సిందే. అక్కడివాళ్లు కోబో దైషి అని కొలిచే బౌద్ధ గురువు కుకాయ్ 816లో స్థాపించిన క్షేత్రం అది. 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఇప్పటికీ 117 గుళ్లున్నాయి, వాటిలో యాభై దాకా యాత్రికులకు గదులిస్తాయి. ఆ బసనే షుకుబో అంటారు. ఒక్క రాత్రయినా అందులో ఉండండి.

ఏ గుడిలో దిగాలన్నది మాత్రం ఫొటోలు చూసి తేల్చకు. ఎర్రమేపుల్ తోట, బంగారు రేకుల తలుపులు చూసి బుక్ చేసుకునేవాళ్లే ఎక్కువ. నువ్వు చూడాల్సింది మీ నాన్న మోకాళ్లు. ఈ గదుల్లో చాలావాటికి మంచాలుండవు. గడ్డితో అల్లిన తతామి చాపల నేల, రాత్రికి దాని మీద ఫుతోన్ పరుపు వేస్తారు. భోజనం నేల మీద కూర్చుని పొట్టి బల్ల మీదే. పొద్దున పూజలో కూడా అరగంటో ముప్పావుగంటో కూర్చోవాలి. మోకాలికి ఆపరేషన్ అయిన మనిషి ఆ పరుపు మీద నుంచి లేవాలంటే పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందుకని బుక్ చేసేముందే నాలుగు ముక్కలు అడుగు: మంచం ఉన్న గది ఉందా, భోజనానికీ పూజకీ కుర్చీ ఇస్తారా, గదిలోనే టాయిలెట్ ఉందా, గది కింది అంతస్తులోనేనా. ఇప్పుడు కొన్ని గుళ్లలో మంచాలు, సొంత బాత్రూమ్ ఉన్న గదులు కూడా కట్టారు. ఖరీదెక్కువే, అయినా మీ నాన్న కోసం అవే తీసుకో.

టాయిలెట్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. పాత గుళ్లలో అది వసారా చివర ఉంటుంది. తరతరాలుగా తుడిచి తుడిచి నున్నగా అయిపోయిన చెక్క వసారా అది. మేజోళ్లతో నడిస్తే జర్రున జారుతుంది. గుడివాళ్లు చెప్పులిస్తారు, కానీ గదిలో చాప అంచు దగ్గర విడిచేయాలి, టాయిలెట్ దగ్గర ఇంకో జత వేసుకోవాలి. అర్ధరాత్రి చీకట్లో, చలిలో, నిద్రమత్తులో అరవై దాటిన మనిషికి ఇదంతా చిన్న పని కాదు.

చలి అన్నాను కదా, కొండ ఎత్తు 800 మీటర్ల పైచిలుకు. మన అరకు ఎత్తే కదా అనుకోవద్దు, నవంబర్ రాత్రి అక్కడ వేడి సున్నాకి దగ్గరగా దిగుతుంది. గదికీ గదికీ మధ్య గోడ బదులు కాగితం తలుపులుండే చోట ఆ చలి లోపలికే వస్తుంది. గదిలో హీటర్ ఉందా అని అడుగు. ఒసాకాలో సరిపోయే స్వెటర్ అక్కడ చాలదు.

ఇక వదిన స్నానం సంగతి. చాలా గుళ్లలో స్నానాల గది ఉమ్మడిది. ఆడవాళ్లకి వేరే, మగవాళ్లకి వేరే. అయినా ఒంటి మీద బట్ట లేకుండా నలుగురి మధ్య వేడినీళ్ల తొట్టిలో దిగమంటే వదిన ఒప్పుకోదని నాకు తెలుసు. ఫుకుచి-ఇన్ అనే గుడిలో సహజమైన వేడినీటి స్నానం ఉంది, నీకు ఇష్టమైతే వెళ్లు. ఆవిడకి మాత్రం సొంత బాత్రూమ్ ఉన్న గదే చూడు.

తిండి విషయంలో వదినకి నిశ్చింత. జపాన్‌లో శాకాహారం అని చెప్పి తెచ్చిన సూప్‌లో కూడా ఎండు చేపల చారు కలుస్తుంటుంది. గుళ్లలో పెట్టే షోజిన్ భోజనంలో చేప, మాంసం ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. చారుకి రుచి కోసం సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులు వాడతారు. చిన్న చిన్న గిన్నెల్లో నువ్వుల తోఫు, మంచులో గడ్డకట్టించి ఎండబెట్టిన కోయ తోఫు, బజ్జీల్లాంటి కూరగాయల టెంపురా, అన్నం వస్తాయి. కారం ఉండదు. ఆవకాయ తెచ్చుకుంటే తెచ్చుకోండి గానీ, చాప మీద నూనె బొట్టు పడితే ఆ మరక పోదు. కింద ప్లేటు పెట్టుకుని, సీసా మూత వెంటనే బిగించేయండి. రాత్రి భోజనం అయిదున్నర, ఆరుకే పెట్టేస్తారు. పొద్దున టిఫిన్ పూజ అయ్యాకే, అంటే ఏడు దాటాక. మీ నాన్నకి షుగర్ కాబట్టి మధ్యలోకి బిస్కెట్లు, పళ్లు దగ్గర ఉంచుకో. మందుల వేళల గురించి డాక్టర్‌ని ముందే అడుగు. రాత్రి భోజనం వద్దని గది మాత్రమే తీసుకోవాలనుకోవద్దు, ఊళ్లో హోటళ్లు త్వరగా మూసేస్తారు.

ఊరు తూర్పు పడమరలుగా సాగి ఉంటుంది. పడమటి చివర పెద్ద ద్వారం, నడుమ దంజో గరాన్ అనే మందిరాల ఆవరణ, కొంగోబుజి అనే ప్రధాన ఆలయం, తూర్పున కుకాయ్ సమాధి ఉన్న ఒకునోయిన్. నేనైతే తూర్పు వైపు, ఇచినోహషి వంతెనకి దగ్గరలో దిగమంటాను. ఒకునోయిన్ దారి అక్కడే మొదలవుతుంది. దేవదారు లాంటి పెద్ద సుగి చెట్ల కింద రెండు కిలోమీటర్లు, రెండు లక్షలకు పైగా సమాధులు. రాళ్ల మీద చెక్కిన అక్షరాలు చూడమను మీ నాన్నని. అవి ‘సిద్ధం’ అనే మన పాత లిపిలో రాసిన సంస్కృత బీజాక్షరాలు. అంత నడవలేకపోతే బస్సులో ఒకునోయిన్-మాయే స్టాపు దాకా వెళ్లండి, అక్కడ నుంచి దారి సగానికి సగం తగ్గుతుంది. కుకాయ్ 835 నుంచి ధ్యానంలోనే ఉన్నాడని వాళ్ల నమ్మకం. రోజూ పొద్దున ఆరుకీ, పదిన్నరకీ ఆయనకి భోజనం మోసుకెళ్తారు. ఆరు గంటలప్పుడు మీ గుడిలో పూజ ఉంటుంది కాబట్టి పదిన్నరకి వెళ్లి చూడండి. ఎకో-ఇన్ అనే గుడి ఈ వైపే ఉంది. అక్కడ పొద్దున్నే సమిధలు వేసి హోమం చేస్తారు, రాత్రిపూట ఒకునోయిన్‌కి మనుషుల్ని వెంటబెట్టుకుని తీసుకెళ్తారు. పేరున్న చోటు, గదులు త్వరగా అయిపోతాయి.

మీ నాన్నకి ఇంకో మాట కూడా చెప్పు. గరాన్‌లో ఎర్రటి పెద్ద గోపురం, కొంపొన్ దైతో, లోపలికెళ్తే మూలల గోడల మీద, కుకాయ్ నెలకొల్పిన షింగోన్ బౌద్ధ శాఖ గురుపరంపర ఎనిమిది మంది బొమ్మలుంటాయి. అందులో మొదటివాడు నాగార్జునుడు, మన నాగార్జునకొండకి పేరైన ఆచార్యుడేనని వాళ్ల సంప్రదాయం. వదినకి నియోనిందో అనే ఆడవాళ్ల మందిరం చూపించు. 1872 దాకా ఈ కొండ మీద ఆడవాళ్లకి ప్రవేశం లేదు. ఎంత దూరం నుంచి వచ్చినా పొలిమేరలోని ఇలాంటి మందిరాల్లోనే రాత్రి తలదాచుకుని, అక్కడి నుంచే మొక్కుకుని వెళ్లేవాళ్లు. ఏడు దారుల్లో ఏడు ఉండేవి, ఇదొక్కటే మిగిలింది. కేబుల్ కారు దిగి ఊళ్లోకి వెళ్లే బస్సు దాని పక్క నుంచే పోతుంది. బస్సు వద్దు, నడుద్దాం అనుకోకండి, ఆ స్టేషన్ దారిలో నడవనివ్వరు.

డబ్బు గదికి కాదు, మనిషికి లెక్కేస్తారు. రెండు పూటల భోజనంతో తలకి 12 వేల యెన్ల నుంచి 20 వేల దాకా మామూలు, మంచం గదులకి ఇంకా పైన. కార్డు తీసుకోని గుళ్లుంటాయి, నోట్లు ఉంచుకో. సాయంత్రం అయిదు లోపల చేరాలి. పెద్ద సూట్‌కేసులు ఒసాకాలోనే వదిలేసి చేతిసంచులతో రండి. శని ఆదివారాలు వద్దు, ఆకులు ఎర్రబడే రోజులవి, మంచం గది దొరకదు. దొరక్కపోతే తేదీ మార్చు గానీ నేల మీద గదికి ఒప్పుకోకు.

తేదీలు ఖాయం కాగానే నాకు మెసేజ్ పెట్టు. కుర్చీ సంగతి, మంచం సంగతి గుడివాళ్లతో జపనీస్‌లో నేనే మాట్లాడతాను. మీ నాన్న మోకాలు ఎంతవరకు వంగుతుందో కూడా అడిగి రాయి.

మీ అత్తయ్య