ఉప్పునీటి అక్వేరియంలో పురుగులు: మందు వేయాలా?

ప్రశ్న: ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టి ఏడాది దాటింది. చేపలతో పాటు పగడాలు, నత్తలు ఉన్నాయి. రాత్రి లైటు ఆపాక రాళ్ల సందుల్లోంచి వేలెడంత గులాబీ రంగు పురుగులు బయటికొస్తున్నాయి. ఈమధ్య ఒక చేప చనిపోతే దాని మీద గుంపుగా కనిపించాయి. ఇసుక మీద తెల్లటి దారాలు కదులుతున్నాయి. గాజుకు చిన్న తెల్ల చుట్టలు అంటుకున్నాయి. పగడాల మీద తుప్పు రంగు మచ్చల్లాంటివి పాకుతున్నాయి. చేపల జబ్బులకు వాడే రాగి మందు వేస్తే ఇవన్నీ పోతాయా?

జవాబు: పోతాయి. వాటితో పాటు మీ నత్తలు, పగడాలు కూడా పోతాయి. రాగి వెన్నెముక లేని జీవులన్నిటికీ విషమే. పైగా రాళ్లలోకి, ఇసుకలోకి ఇంకి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లలోకి వస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ సీసా పక్కన పెట్టండి. మీరు రాసినవి నాలుగు వేర్వేరు జీవులు. వాటిలో టెన్షన్ పడాల్సింది ఒక్కదాని గురించే, అది గులాబీ పురుగు మాత్రం కాదు.

గులాబీ పురుగు ఒళ్లంతా కణుపులుగా ఉండి, ప్రతి కణుపుకూ రెండు పక్కలా తెల్లటి ముళ్ల కుచ్చు ఉంటే అది మామూలు బ్రిసిల్ వర్మ్. చిన్న జీవులతో సహా సముద్రం నుంచి తెచ్చి అక్వేరియంలో పెట్టే రాయి, అంటే లైవ్ రాక్‌తో పాటే వస్తుంది. పొలంలో వానపాము చేసే పనిలాంటిదే ఇక్కడ ఇది చేస్తుంది: మిగిలిన మేతను, చచ్చినవాటిని తిని ఇసుకను కదుపుతుంది. చచ్చిన చేప మీద పురుగులు కనిపించగానే అవే చంపాయని చాలామంది అనుకుంటారు. వాసన పట్టి వచ్చి శవాన్ని తిన్నాయంతే. వాటి సంఖ్య బాగా పెరిగిందంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. మేత తగ్గిస్తే అవీ తగ్గుతాయి. తొందరగా తగ్గించాలంటే, సన్నని గొట్టంలో చిన్న రొయ్య ముక్క పెట్టి రాత్రి ఇసుక మీద ఉంచి, తెల్లారగానే బయటికి తీయండి. ఒట్టి చేత్తో మాత్రం పట్టుకోవద్దు. ముళ్లు చర్మంలో విరిగి మండుతాయి. గుచ్చుకుంటే అతుక్కునే టేపు వేసి లాగేయండి.

రాతి సందులోని పురుగు తలకు ఐదు మీసాలుండి, ఒంటి మీద ఇంద్రధనుస్సు రంగుల మెరుపు ఉంటే అది వేరే జాతి, యూనిసిడ్. ఈ కుటుంబంలోని బాబిట్ వర్మ్ సముద్రంలో 3 మీటర్ల దాకా పెరుగుతుంది, చేపల్ని వేటాడుతుంది. అలాంటిది కనిపిస్తే ఆ రాయినే తీసి వేరే ఉప్పునీటి బకెట్లో పెట్టండి. పురుగును పట్టి లాగితే తెగిపోతుంది, లోపల మిగిలిన ముక్క మళ్లీ పెరగవచ్చు.

ఇసుక మీది దారాలు స్పఘెట్టీ వర్మ్ మీసాలు. ఒళ్లు గొట్టంలో దాచుకుని మీసాలతో తిండి ఏరుకుంటుంది. గాజు మీది మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల చుట్టలు స్పైరార్బిడ్ పురుగులవి, నీటిని వడగట్టి బతుకుతాయి. రెండింటి జోలికీ వెళ్లొద్దు.

ఇక తుప్పు రంగు మచ్చలు. భూతద్దంలో చూడండి. బల్లపరుపుగా ఉండి, తోక దగ్గర చిన్న మొనలుంటే అవి ఎర్ర ఫ్లాట్‌వర్మ్‌లే. వాటి ఒంట్లో నాచు ఉంటుంది కాబట్టి వెలుతురు పడేచోట చేరతాయి. పగడాన్ని తినవు గానీ, దట్టంగా కప్పేసి దానికి వెలుతురు అందనివ్వవు. అసలు చిక్కు వాటిని చంపడంలో ఉంది. చచ్చేటప్పుడు విషం వదులుతాయి. వేలకొద్దీ ఒకేసారి చస్తే చేపలు కూడా పోతాయి.

అందుకే ముందు సన్నని గొట్టంతో సైఫన్ చేసి వీలైనన్ని లాగేయండి. నీళ్లు మార్చిన ప్రతిసారీ ఇలా చేస్తుంటే చాలాచోట్ల మందు అవసరమే రాదు. అయినా తగ్గకపోతే ఫ్లాట్‌వర్మ్‌ల కోసమే తయారుచేసిన మందు వాడండి. ముందు అక్వేరియం నీళ్లు ఒక కప్పులో తీసుకుని, నాలుగైదు పురుగులు వేసి, సీసా మీద రాసిన మోతాదులో పనిచేస్తోందో లేదో చూసుకోండి. మందు వేసే రోజున కలిపి ఉంచిన కొత్త ఉప్పునీళ్లు, నీళ్లలోని విషాన్ని పీల్చుకునే కొత్త యాక్టివేటెడ్ కార్బన్ (ఒక రకం బొగ్గు) చేతికి అందేలా ఉండాలి. చస్తున్న పురుగుల్ని చస్తున్నట్టే లాగేస్తూ ఉండాలి. చేపలు రొప్పడం మొదలుపెడితే ఆలోచించకుండా నీళ్లు మార్చి కార్బన్ వేయండి.

చనిపోయిన చేప సంగతి వేరుగా చూడాలి. ఈరోజే అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష చేయండి, రెండూ సున్నా ఉండాలి. ఉప్పునీటి సాపేక్ష సాంద్రత (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.025 దగ్గర ఉందో లేదో కూడా చూడండి. అవన్నీ సరిగ్గా ఉంటే మిగిలిన చేపల ఒంటి మీద తెల్ల చుక్కలు, చిరిగిన రెక్కలు ఉన్నాయేమో గమనించండి. జబ్బని తేలితే ఆ చేపను వేరే తొట్టిలోకి మార్చి, రాగి మందు అక్కడ వాడుకోవచ్చు.