చెన్నైలో వేసవికి కొత్త తెలుగు కథలు, నవలలు: ఏవి తెప్పించుకోవాలి, ఎలా తెప్పించుకోవాలి

మీరు చెన్నైలో ఉంటున్నారు, మే నెలలో పిల్లలకు సెలవులు, ఊరినుంచి మీ అత్తగారూ మామగారూ వస్తున్నారు. ఇంట్లో అందరికీ పనికొచ్చేలా ఈమధ్య వచ్చిన తెలుగు ఫిక్షన్ చెప్పమన్నారు. పేర్లు చెబుతాను గానీ, ముందు ఒక్క సంగతి తెలుసుకుంటే డబ్బులు మిగులుతాయి. తెలుగులో కొత్త పుస్తకాల సీజను వేసవి కాదు. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. ఆ రెంటికీ పుస్తకం అందాలని రచయితలూ ప్రచురణకర్తలూ ప్రెస్సుల చుట్టూ తిరుగుతారు. అందుకని మేలో ‘తాజా రిలీజ్’ అని వెతక్కండి. చలికాలంలో వచ్చినవాటిలో ఇంకా ఎవరి నోటనన్నా ఆడుతున్నవి ఏవో చూసుకోండి. ఆవిష్కరణ సభ ఫొటోలు, జనవరి పొగడ్తలు లెక్కలోకి రావు, సగం మొహమాటమే. ఏప్రిల్లో కూడా ఒక పాత్ర గురించి ఇద్దరు కొట్లాడుకుంటున్నారంటే ఆ పుస్తకం ధైర్యంగా కొనొచ్చు.

ఇందులో చిక్కు ఒకటుంది. మనవాళ్లు కథల పుస్తకం ఐదొందలో, వెయ్యో కాపీలు వేస్తారు. బుక్ ఫెయిర్‌లో బాగా పోయినవి మే నాటికి స్టాకు ఉండకపోవచ్చు. ఆన్‌లైన్లో ‘ఉంది’ అని చూపించినా, డబ్బు కట్టేముందు వాట్సాప్‌లో ‘కాపీ చేతిలో ఉందా, రీప్రింట్ కోసం చూడాలా’ అని అడగండి. రీప్రింట్ అంటే సెలవులయ్యాక వస్తుంది.

అవార్డులు చూసి ఎంచుకుంటానంటే కేంద్ర సాహిత్య అకాడమీ లెక్క తెలిసుండాలి. ప్రధాన పురస్కారానికి అవార్డు సంవత్సరాన్నీ దాని ముందు సంవత్సరాన్నీ వదిలేసి, అంతకు ముందు ఐదేళ్లలో వచ్చిన పుస్తకాలు చూస్తారు. 2022 అవార్డుకు 2016 నుంచి 2020 దాకా వచ్చినవన్నమాట. కాబట్టి ఆ స్టిక్కరున్న పుస్తకం మంచిదే కావచ్చు, కొత్తది మాత్రం కాదు. కొత్త గొంతులు కావాలంటే యువ పురస్కారం చూడండి, అది 35 ఏళ్ల లోపువాళ్లకి. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ కథల సంపుటి ‘ఢావ్‌లో’కి, 2025లో ప్రసాద్ సూరి నవల ‘మైరావణ’కి వచ్చింది. ‘ఢావ్‌లో’ బంజారా తండాల జీవితం. కొన్ని మాటలు మొదట అడ్డం పడతాయి. ప్రతిదానికీ అర్థం వెతుక్కుంటూ కూర్చోకండి, రెండు కథలు దాటితే సందర్భమే చెబుతుంది. రోజుకో కథ చాలు, ఒకేసారి లాగిస్తే అన్నీ కలిసిపోతాయి.

చెన్నైలో ఉన్నవాళ్లకి నేను మొట్టమొదట చెప్పే పుస్తకం ‘నెమ్మి నీలం’. జయమోహన్ తమిళ కథలు ‘అఱం’కి అవినేని భాస్కర్ తెలుగు, ఛాయా వాళ్ల ప్రచురణ. నిజంగా బతికిన మనుషుల మీద రాసిన కథలు. టాప్‌స్లిప్ అడవుల్లో ఏనుగులకు వైద్యం చేసిన డాక్టర్ కృష్ణమూర్తి కథ అందులో ఉంది. అడవికి షికారొచ్చినవాళ్లు తాగి పారేసిన సీసా పెంకు ఏనుగు కాల్లో దిగితే ఏమవుతుందో ఆ కథ చదివాక, ఊటీ దారిలో కారాపి సీసా విసిరేవాణ్ణి మీరు ఊరికే వదలరు. ఇంట్లో తమిళం చదివేవాళ్లుంటే మూలం పక్కన పెట్టుకుని చదవండి, సరదాగా ఉంటుంది. తమిళ వాక్యం ఎక్కడ సాగిందో, తెలుగులో ఎక్కడ తెగిందో కనపడుతుంది.

నవలే కావాలంటే మధురాంతకం నరేంద్ర ‘మనోధర్మపరాగం’. 2022 అకాడమీ అవార్డు దీనికే, అంటే పై లెక్కన పాతదే. అయినా దేవదాసీ కుటుంబాలు, కర్ణాటక సంగీతం చుట్టూ తిరిగే కథ కాబట్టి, మార్గళిలో, అంటే డిసెంబరు-జనవరి సంగీత సీజనులో, కచేరీ సభలకి వెళ్లే అలవాటున్న ఇంట్లో దీనికున్న రుచి వేరు. మీ మామగారికి చరిత్ర ఇష్టమైతే బండి నారాయణస్వామి ‘శప్తభూమి’ ఇవ్వండి. పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం సీమ. యాస గట్టిగానే ఉంటుంది, చిత్తూరు, కడప వైపు వాళ్లయితే ఇబ్బంది లేదు. కోస్తావాళ్లు మొదటి పాతిక పేజీలు పైకి చదువుకుంటే చెవికి పట్టేస్తుంది.

ఏం చదవాలో తేలనివాళ్లకి కథాసాహితి వాళ్ల ఏటేటి కథల సంకలనం మంచిది. 1990 నుంచీ వస్తోంది. ఒక ఏడాది పత్రికల్లో వచ్చిన కథల్లోంచి ఏరి వేస్తారు. ఏరినవన్నీ మీకు నచ్చవు, నచ్చక్కర్లేదు కూడా. అందులో బాగా పట్టుకున్న ఒక్క రచయిత పేరు రాసుకుని, ఆ మనిషి సంపుటి విడిగా తెప్పించుకోండి. డబ్బు పెట్టకముందే రుచి చూడాలంటే ‘ఈమాట’, ‘సారంగ’ వెబ్ పత్రికల్లో కథలు ఉచితమే. చూపు ఆనని పెద్దవాళ్లకి దాసుభాషితం యాప్‌లో ఆడియో పుస్తకాలున్నాయి, మధ్యాహ్నం ఫ్యాను కింద వింటూ పడుకోవచ్చు.

పిల్లల సంగతి వేరు. ఇక్కడి పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు, చదవమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. వాళ్లకి సరాసరి నవల ఇస్తే పదో పేజీకి పక్కన పడేస్తారు. ముందు ‘మంచి పుస్తకం’ వాళ్ల ద్విభాషా బొమ్మల పుస్తకాలు నాలుగు ఇవ్వండి. అక్షరం పెద్దది, ధర తక్కువ. తర్వాత మీరో పేజీ, వాళ్లో పేజీ, రోజుకి ఎనిమిది పేజీలు దాటొద్దు. కాస్త చదవడం వచ్చినవాళ్లకి బాల సాహిత్య పురస్కారం వచ్చిన గంగిశెట్టి శివకుమార్ ‘కబుర్ల దేవత’ (2025), డి.కె. చదువుల బాబు ‘వజ్రాల వాన’ (2023). రెండూ కథలే, ఒక పూటకి ఒకటి అయిపోతుంది. పి. చంద్రశేఖర ఆజాద్ ‘మాయాలోకం’ (2024) నవల, దాన్ని జూన్ దగ్గరపడ్డాక మొదలుపెట్టండి. తెలుగు చదవనే చదవని టీనేజీ పిల్ల ఉంటే బాను ముష్తాక్ కన్నడ కథల ఇంగ్లీషు అనువాదం ‘హార్ట్ ల్యాంప్’ ఇవ్వండి. 2025 ఇంటర్నేషనల్ బుకర్ దానికే, అందులో ఉన్నవి పన్నెండు కథలు.

ఇక తెప్పించుకోవడం. చెన్నైలో షాపుకెళ్లి కొత్త తెలుగు నవల తెచ్చుకుందామంటే కుదరదనే అనుకోండి. జనవరిలో నందనంలో జరిగే పుస్తక ప్రదర్శన ప్రధానంగా తమిళానిది. ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీకి 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం పంపాలి గానీ, చిన్న ప్రచురణకర్తలంతా పంపుతారన్న ఆశ పెట్టుకోవద్దు. పాత పుస్తకాలకి మాత్రం అది నిధి. హైదరాబాద్ కాచిగూడలోని నవోదయ లాంటి పుస్తకాల షాపులో ఒకేసారి ఐదారు పుస్తకాలు ఆర్డరు పెట్టడం నయం. డెమీ సైజు, అంటే మామూలు నవల సైజు, రెండొందల పేజీల పుస్తకం ప్యాకింగుతో కలిపి పావు కిలో తూగుతుంది. ఒక్కోటీ విడిగా తెప్పిస్తే పుస్తకం ధరకి పోస్టు ఖర్చు పోటీకొస్తుంది. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, పాత చార్జీలు మనసులో పెట్టుకుని లెక్క వేయకండి. పినాకిని రైల్లో విజయవాడ వెళ్లొచ్చేవాళ్లెవరైనా ఉంటే చీటీ రాసివ్వండి. ఏలూరు రోడ్డులో విశాలాంధ్ర, ప్రజాశక్తి, నవోదయ ఒక్క నడకలో అయిపోతాయి. పుస్తకం పేరుతో పాటు ప్రచురణకర్త పేరూ రాయాలి, లేకపోతే షాపులో వెతికి ‘లేదు’ అనేస్తారు.

పార్సిల్ విప్పగానే చదవడం మొదలుపెట్టకండి, ముందు పేజీలు తిప్పండి. అచ్చు పదహారు పేజీల ఫారాలుగా సాగుతుంది కాబట్టి తప్పు దొర్లితే కట్టకు కట్టే దొర్లుతుంది. 32 తర్వాత 49 రావడమో, 17 నుంచి 32 దాకా రెండుసార్లు ఉండటమో. 16, 32, 48 అలా ప్రతి ఫారం చివరా చూస్తే రెండు నిమిషాల పని. తేడా ఉంటే ఆ రెండు పేజీలూ కలిపి ఫొటో తీసి ఆ రోజే పంపండి, మామూలుగా వేరే కాపీ ఇస్తారు. నెల తర్వాత చెబితే అప్పటికి కాపీలే ఉండవు. కత్తిరి ఎండల్లో పుస్తకం కార్లో వదిలేయకండి, జిగురు బైండింగు మెత్తబడి నడుం దగ్గర పేజీలు ఊడొస్తాయి. కొత్త పుస్తకాన్ని నడిమికి విరిచి తెరవకుండా, ముందు నుంచి కొన్ని, వెనక నుంచి కొన్ని పేజీలు వేలితో ఒత్తుకుంటూ మధ్యదాకా వస్తే చాన్నాళ్లు నిలుస్తుంది.