గ్రీన్ టీలో యాంటీఆక్సిడెంట్లు కొలిచే పనికి ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి తెనాలిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్. కాలేజీ ప్రాజెక్టులో గ్రీన్ టీ, దానిమ్మ రసం, గోంగూరల్లో యాంటీఆక్సిడెంట్లు కొలిచింది. ఇక ఇదే లైన్లో వెళ్తానంటోంది. వాళ్ళ నాన్నగారేమో బీఈడీ చేయమంటున్నారు. ఇందులో భవిష్యత్తు ఉందా? – ఒక తల్లి

జవాబు: ముందే చెప్పేస్తానమ్మా, ‘యాంటీఆక్సిడెంట్లు కొలిచేవారు కావలెను’ అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. కానీ ఆ పని కోసం నేర్చుకునే విద్యకు గుంటూరు మిర్చి ల్యాబుల నుంచి హైదరాబాద్ ఫార్మా కంపెనీల దాకా గిరాకీ ఉంది. ఈ రెంటికీ తేడా మీ అమ్మాయికి తెలిస్తే సగం టెన్షన్ పోయినట్టే.

యాంటీఆక్సిడెంట్లంటే కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అనే అణువులను అడ్డుకునే పదార్థాలు. ఆమె చేసింది బహుశా డీపీపీహెచ్ అనే రంగు రసాయనంతో చేసే పరీక్ష అయ్యుంటుంది. ఊదారంగు ద్రావణంలో టీ సారం వేస్తే రంగు తగ్గి పసుపులోకి దిగుతుంది, ఎంత తగ్గిందో, రంగు గాఢతను కాంతితో కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్‌లో 517 నానోమీటర్ల దగ్గర చూస్తారు. లేదంటే ఫోలిన్ రియేజెంట్‌తో నీలిరంగు తెప్పించి, గాలిక్ ఆమ్లంతో గీసిన స్టాండర్డ్ గ్రాఫుతో పోల్చి మొత్తం ఫినాల్స్ (పాలీఫినాల్స్ వంటి మొక్కల యాంటీఆక్సిడెంట్లు) లెక్కకట్టి ఉంటుంది. రెండూ చవక, కళ్ళముందే రంగు మారుతుంది కాబట్టి పిల్లలకు భలే నచ్చుతాయి. చిక్కేమిటంటే ఫోలిన్ పరీక్షకు ఏది పాలీఫినాలో, ఏది విటమిన్ సీయో తెలీదు. డబ్బా జ్యూస్‌లో కంపెనీవాళ్ళు కలిపిన ఆస్కార్బిక్ ఆమ్లాన్ని (విటమిన్ సీనే) కూడా ఫినాల్స్ ఖాతాలోనే వేసేస్తుంది. ఇలాంటి అంకెలతో వ్యాపారం ఎంత దూరం పోయిందంటే, అమెరికా వ్యవసాయ శాఖ ‘ఆరాక్’ అనే యాంటీఆక్సిడెంట్ విలువల పట్టికను 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది. టెస్ట్ ట్యూబులో వచ్చిన అంకె మన ఒంట్లో ఏం జరుగుతుందో చెప్పదని, కంపెనీలు మాత్రం దాన్ని అమ్మకాలకు వాడుకుంటున్నాయని వాళ్ళ అభ్యంతరం.

అందుకే పరిశ్రమలో అసలు పని, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రమైన హెచ్‌పీఎల్‌సీ మీద నడుస్తుంది. టీలో కాటెచిన్లు, పసుపులో కర్క్యుమిన్, మిర్చిలో క్యాప్సైసిన్ దేనికది విడదీసి కొలుస్తారు. టీ కోసం ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 14502లో మొదటి భాగం ఫోలిన్ పద్ధతి, రెండో భాగం హెచ్‌పీఎల్‌సీ, అంటే మీ అమ్మాయి సగం దారిలో ఉంది. అలాగని స్పెక్ట్రోఫొటోమీటర్ అనే చిన్న మెషిన్ చదువు వృథా కాదు. మిర్చి ఎగుమతికి అడిగే ఆస్టా (అమెరికా మసాలా వ్యాపారుల సంఘం) కలర్ విలువ కూడా అసిటోన్‌లో రంగు దింపి 460 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫొటోమీటర్‌లో చూసేదే, ఆ ఎరుపు కూడా కెరోటినాయిడ్లనే మొక్కల యాంటీఆక్సిడెంట్లదే. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది, కాలేజీ ద్వారా అడిగి ఒకసారి చూసి రమ్మనండి.

చదువు సంగతికొస్తే బీఎస్సీతో ఆగొద్దు. ఏపీ పీజీసెట్, సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్షలు రాసి ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ వైపు వెళ్ళడం నా మొదటి సలహా. ఫుడ్ మీదే పట్టుదలగా ఉంటే మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఫుడ్ టెక్నాలజీ ఎమ్మెస్సీ ఉంది, సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ తర్వాత ఆహార పరీక్షల్లో మూడేళ్ళ అనుభవం ఉంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పెట్టే ఫుడ్ అనలిస్ట్ పరీక్ష రాయొచ్చు, ల్యాబ్ రిపోర్టు మీద సంతకం పెట్టే అర్హత అలా వస్తుంది. పరిశోధన ఇష్టమైతే హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2017లో 528 ఆహార పదార్థాలతో వాళ్ళు తెచ్చిన పోషక పట్టికల్లో పాలీఫినాల్స్ కూడా ఉన్నాయి. అక్కడ ప్రాజెక్టు పోస్టులు తాత్కాలికమే, అది తెలిసి వెళ్ళాలి.

ప్రైవేటు ల్యాబుల్లో మొదట్లో జీతం తక్కువే, కొన్నిచోట్ల షిఫ్టులుంటాయి, ఒకే శాంపిల్‌ని మళ్ళీ మళ్ళీ నడపాలి. వాళ్ళ నాన్నగారితో చెప్పండి, బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు, ఆ తలుపు మూసుకుపోదు. కానీ మీ అమ్మాయిని ఒక మాట అడగండి: ప్రతి శాంపిల్ మూడుసార్లు ఎందుకు చూశావు, మూడూ కలవకపోతే ఏం చేశావు అని. కూర్చుని వివరిస్తే ఈ లైన్ సరిపోతుంది. ‘మేడమ్ చెప్పారు, చేశాం’ అంటే ఇంకాస్త ఆలోచించాల్సిందే.

ఇంకొకటి, నెల రోజుల్లో హెచ్‌పీఎల్‌సీ నేర్పిస్తామని వేలకు వేలు ఫీజు అడిగేవాళ్ళున్నారు. డబ్బు కట్టేముందు మెషిన్ మీద మీ అమ్మాయి చేత స్వయంగా ఎన్ని గంటలు చేయిస్తారో కాగితం మీద రాసిమ్మనండి, పీపీటీలు చూపించి పంపేచోట చేరొద్దు.