మాటలు అయిపోయిన తర్వాత కూడా కూర్చోవడం: ప్రార్థన గురించి పాత దైవశాస్త్రజ్ఞుల దగ్గర నేను నేర్చుకున్నది

ప్రార్థనకు కూర్చుంటే ఐదు నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయని, ఆ తర్వాత గడియారం చూస్తూ ఉండిపోతున్నానని రాశారు. ఐదో శతాబ్దపు ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్, 16వ శతాబ్దపు జర్మన్ సంస్కర్త లూథర్ వంటి పాత దైవశాస్త్రజ్ఞులను చదివితే ఏమైనా మారుతుందా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నా విషయంలో మారింది. అయితే నేను అనుకున్న చోట కాదు.

ముందుగా, గడియారం చూస్తున్నందుకు సిగ్గుపడకండి. 16వ శతాబ్దపు స్పెయిన్ సన్యాసిని ఆవిలా తెరెసా ప్రార్థన గురించి ఎంతో లోతుగా రాసిన మనిషి. ఆమే తన జీవితకథలో, కొన్నేళ్లపాటు ప్రార్థన సమయం ఎప్పుడు ముగుస్తుందా అని గడియారం గంట కోసం చెవి ఒగ్గి ఉండేదాన్నని ఒప్పుకున్నారు. అది చదివిన రాత్రి పుస్తకం మూసి చాలాసేపు ఏడ్చాను. ఎందుకంటే సంఘంలో నన్ను ప్రార్థన చేయమంటే పది నిమిషాలు ధారాళంగా చేసేవాడిని. ఇంట్లో తలుపు వేసుకుంటే నోరు పెగిలేది కాదు. వినే మనుషులు లేకపోతే నా దగ్గర మాటలే లేవు.

నాకు మొదట చేయూతనిచ్చింది అగస్టీన్ రాసిన ఒక ఉత్తరం. 410లో రోము నగరం కొల్లగొట్టబడ్డాక ఉత్తర ఆఫ్రికాకు తరలివెళ్లిన ప్రోబా అనే వితంతువు ఎలా ప్రార్థించాలని ఆయనను అడిగింది. సుమారు 412లో ఆయన జవాబు రాశారు. మనం అడగకముందే మన అక్కరలు తండ్రికి తెలుసు కదా, మరి అడగడం ఎందుకు? ఆయనకు తెలియజేయడానికి కాదు, మనలోని ఆశ పెరగడానికి అంటారు అగస్టీన్. దేవుడు ఇవ్వబోయేది చాలా పెద్దది, పట్టుకోవడానికి మన పాత్ర చిన్నది. అడిగే కొద్దీ పాత్ర పెద్దదవుతుంది. ఎక్కువసేపు ప్రార్థించడం వేరు, ఎక్కువ మాటలాడడం వేరు అని కూడా చెబుతారు. ఐగుప్తులోని సన్యాసులు బాణాల్లా విసిరే చిన్నచిన్న ప్రార్థనలు తరచుగా చేసేవారట. అప్పటి నుంచి నాకు మౌనమంటే భయం పోయింది.

ఇక లూథర్. ఆయన క్షురకుడు పీటర్ కూడా ఇదే ప్రశ్న అడిగితే 1535లో ఒక చిన్న పుస్తకమే (ఇంగ్లీషులో A Simple Way to Pray) రాసి ఇచ్చారు. మంచి క్షురకుడి ధ్యాసంతా కత్తి మీద, గడ్డం మీద ఉండాలి, మాటల్లో పడి దిక్కులు చూస్తే ఎదుటివాడి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకూ అంత ధ్యాస కావాలి అంటారు. పద్ధతి చాలా సులువు. యేసు నేర్పిన పరలోక ప్రార్థనలో ఒక్కొక్క విన్నపాన్ని తీసుకుని, సొంత మాటల్లో విస్తరించి ప్రార్థించాలి. పది ఆజ్ఞలైతే ఒక్కొక్క ఆజ్ఞలో నేర్చుకోవలసింది, కృతజ్ఞత చెప్పవలసింది, ఒప్పుకోవలసింది, అడగవలసింది అని నాలుగు పోగులుగా అల్లుకోవాలి. ఏదైనా ఒక్క విన్నపం దగ్గరే మనసు నిలిచిపోతే మిగతావి వదిలేసి అక్కడే వినమంటారు, అప్పుడు బోధిస్తున్నది పరిశుద్ధాత్మే కనుక.

నేను నిలిచిపోయింది "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న చోట. ఆస్తి పంపకాల దగ్గర మాట పెరిగి, నా తమ్ముడితో ఆరేళ్లుగా మాటలు లేవు. పెద్దవాణ్ణి నేను, వాడే ముందు రావాలి అని పట్టుబట్టి ఉన్నాను. తొమ్మిది రోజులు ఆ వాక్యం దాటలేకపోయాను. ప్రతి ఉదయం అక్కడికి వచ్చేసరికి గొంతు ఆగిపోయేది. పదో రోజు ప్రార్థన మధ్యలోనే లేచి ఫోను చేశాను. వాడు ఎత్తి, నా గొంతు విని, "అన్నయ్యా, అమ్మకు ఏమైనా అయిందా?" అన్నాడు. ఆరేళ్ల తర్వాత నేను ఫోను చేస్తే వాడికి తోచిన కారణం అదొక్కటే.

శిష్యత్వం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, అది నాకు అర్థమైంది ఆ ఫోనులోనే. తర్వాత 20వ శతాబ్దపు జర్మన్ పాస్టరు బాన్‌హోఫర్‌ను చదివినప్పుడు ప్రతి పుటా నా గురించే అనిపించింది. శిష్యత్వం లేని కృపను 1937లో ఆయన "చౌక కృప" అన్నారు. ఫింకెన్‌వాల్డే అనే ఊళ్లో తాను నడిపిన పాస్టర్ల శిక్షణ పాఠశాలలో, విద్యార్థులు ప్రతిరోజూ ఒక చిన్న లేఖన భాగం మీద అరగంట మౌనంగా ధ్యానించాలని నియమం పెట్టారు. అక్కడి సహజీవనం గురించి తర్వాత రాస్తూ, ఒక సహోదరుడి కోసం ప్రార్థిస్తూ అతణ్ణి ద్వేషించడం ఇక సాధ్యం కాదంటారు. అది నిజమని నేను సాక్ష్యం చెప్పగలను. తమ్ముడూ నేనూ ఇంకా పూర్తిగా కలిసిపోలేదు, కానీ ఇప్పుడు వాడి పేరు నా నోట ప్రార్థనలో వస్తోంది.

మీరు లూథర్‌తో మొదలుపెట్టండి. ఆ చిన్న పుస్తకం ఒక్క పూటలో చదివేయవచ్చు. తర్వాత ప్రోబాకు రాసిన ఉత్తరం. మరో 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ 'ఇన్‌స్టిట్యూట్స్' అనే తన మహాగ్రంథం మూడో భాగంలో 20వ అధ్యాయమంతా ప్రార్థనకే ఇచ్చారు, గొప్పగా ఉంటుంది, కానీ చాలా పొడవు, దానికి తొందర లేదు. వీళ్లలో ఎవరు చెప్పినదైనా బైబిలు వాక్యంతో సరిచూసుకోండి. యూదుల మీద లూథర్ చివరి రోజుల్లో రాసిన ద్వేషపు రాతలు చదివితే, ప్రార్థన గురించి ఇంత చక్కగా రాసిన చేయే అవి కూడా రాసిందా అని బాధ కలుగుతుంది.

ఒకటి మాత్రం నాలాగా చేయకండి. ప్రార్థన మీద పుస్తకాలు చదువుతూ, ప్రార్థించకుండానే ఏడాది గడిపేశాను. రోజుకు ఒక పుట చాలు. చదివాక పుస్తకం పక్కన పెట్టి, "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టండి. మాటలు అయిపోయినా వెంటనే లేవకండి.